నల్లమల పులులు – ఛాయాచిత్రాల పట్టికలు

శ్రీశైలం ఆనకట్టకు దిగువన కృష్ణానది నిలువుగా లేచిన కొండల నడుమ లోతైన లోయలో ప్రవహిస్తున్నది. కుడిగట్టున ఉన్నది నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల రక్షిత ప్రాంతం. ఎడమగట్టున ఉన్నది అమ్రాబాద్ పులుల రక్షిత ప్రాంతం. 2014 వరకు ఈ రెండూ ఒకే పాలన క్రింద ఒకే అరణ్యంగా ఉండేవి. రాష్ట్ర విభజనతో నది ఎల్ల అయినది. ఎడమగట్టు అడవి తెలంగాణకు, కుడిగట్టు అడవి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చినవి. ఈ సంగతి పులికి తెలియదు. పిల్లి జాతిలో నీటికి వెరవని జంతువులలో పులి ఒకటి. అది చక్కగా ఈదగలదు. నిన్న ఈ గట్టున తిరిగిన పులి రేపు ఆ గట్టున కనిపించినా ఆశ్చర్యపడవలసినది లేదు.

ఎడమగట్టు అడవిలో చెట్టుకు కట్టిన కెమేరాలో ఒక పులి బొమ్మ పడినదనుకోండి. కొన్నాళ్ళకు కుడిగట్టు కెమేరాలో కూడ ఒక పులి బొమ్మ పడినది. అక్కడివారు తమ పుస్తకంలో ఒక పులిని వ్రాసుకున్నారు, ఇక్కడివారు తమ పుస్తకంలో ఒక పులిని వ్రాసుకున్నారు. అడవిలో ఉన్నవి రెండు పులులా, ఒకటేనా? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పవలసినవి ఆ ఫొటోలు. అయితే ఫొటో తనంత తాను ఏమీ చెప్పదు. అది ఎక్కడ, ఎప్పుడు, ఏ కెమేరాతో, పులికి ఏ ప్రక్క నుంచి తీసినదో తెలిసినప్పుడే సాక్ష్యమవుతుంది. ఫొటోను దాని వివరాలతో ముడిపెట్టి దాచడం, వేర్వేరు చోట్ల పుట్టిన వివరాలను ఒకచోటికి చేర్చడం ఎట్లాగో తెలుసుకోవడానికి నల్లమల మంచి ఉదాహరణ.

శ్రీశైలం ఇదివరకు కర్నూలు జిల్లాలోనిది, 2022 నుంచి నంద్యాల జిల్లాలోనిది. చుట్టూ ఉన్న అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. 1983లో ప్రాజెక్ట్ టైగర్ క్రిందికి తెచ్చారు. విభజన తరువాత కూడ కుడిగట్టు భాగం ఒక్కటే 3,296 చదరపు కిలోమీటర్లు ఉన్నది. పులుల రక్షిత ప్రాంతాలలో విస్తీర్ణంలో దేశానికంతకూ పెద్దదిగా దీనిని చెబుతారు. ఇంత అడవిలో రాత్రిపూట ఒంటరిగా తిరిగే జంతువును లెక్కపెట్టడం సులభమైన పని కాదు. ఇక్కడ తరతరాలుగా ఉన్న చెంచులకు ఏ వాగు ప్రక్కన ఏ జాడ ఉన్నదో తెలుసు. కెమేరా ఎక్కడ కట్టవలెనో నిర్ణయించడంలో ఈనాటికీ వారి అనుభవమే ఆధారం.

పూర్వం పులులను అడుగుజాడలను బట్టి లెక్కించేవారు. 1966లో సరోజ్ రాజ్ చౌధురి అనే ఒడిశా అటవీ అధికారి ప్రవేశపెట్టిన పద్ధతి ఇది. ధూళిలో పడిన పాదముద్ర మీద గాజుపలక పెట్టి గీత గీసి, ఆ గీతలను పోల్చి పులులను వేరుపరచేవారు. కాని ఒకే పులి పాదం ఇసుకలో ఒక విధంగా, బురదలో మరొక విధంగా పడుతుంది. గీసేవారి చేతివాటాన్ని బట్టి కూడ ముద్ర మారుతుంది. 2005లో రాజస్థాన్‌లోని సరిస్కా అడవిలో ఒక్క పులి కూడ మిగలలేదని తేలినది; అంతకు ముందు సంవత్సరపు లెక్కలో మాత్రం అక్కడ పులులు ఉన్నట్టే వ్రాసి ఉన్నది. వేటగాళ్ళు అడవిని ఖాళీ చేస్తూ ఉండగా కాగితం మీద పులులు క్షేమంగా బ్రతికినవి! తప్పు లెక్క వల్ల కలిగే ముప్పు ఇటువంటిది. ఆ తరువాత దేశమంతటా లెక్కించే పద్ధతినే మార్చారు.

పులి ఒంటి మీద చారలు మనిషి వ్రేలిముద్రల వంటివి. ఏ రెండు పులుల చారలూ ఒక్కతీరుగా ఉండవు. 1920లలో ఉత్తర భారతంలో అటవీ అధికారిగా ఉన్న ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్, దారికి అడ్డంగా తీగ కట్టి, పులి దానిని తాకగానే మెరుపుదీపంతో ఫొటో పడే ఏర్పాటు చేశాడు. అటువంటి ఫొటోలలో చారలను బట్టి పులిని గుర్తుపట్టవచ్చునని అతడు ఆనాడే గ్రహించాడు. 1990ల తొలి సంవత్సరాలలో ఉల్లాస్ కారంత్ కర్ణాటకలోని నాగరహొళె అడవిలో కెమేరాలు పెట్టి, గణితశాస్త్రం సాయంతో పులుల సంఖ్యను అంచనా వేసే మార్గాన్ని చూపాడు.

ఇప్పటి కెమేరాకు తీగతో పని లేదు. ఎదుట ఉన్న వేడిలో హఠాత్తుగా మార్పు కలిగితే దానిని కనిపెట్టే పరారుణ గ్రాహకం అందులో ఉంటుంది. వెచ్చని జంతువు కదలినప్పుడు కెమేరా తనంత తాను ఫొటో తీసి, తేదీని, సమయాన్ని అందులోనే నమోదు చేస్తుంది. పులి ఎడమప్రక్క చారలకు, కుడిప్రక్క చారలకు పోలిక ఉండదు. అందుచేత దారికి రెండు వైపులా ఎదురెదురుగా రెండు కెమేరాలు పెడతారు. అడవిని 2 చదరపు కిలోమీటర్ల గళ్ళుగా విభజించి, గడికి ఒక జత చొప్పున అమర్చి, కొన్ని వారాలపాటు ఉంచుతారు.

ఇందువల్ల పోగయ్యే ఫొటోల సంఖ్య చూస్తే గుండె జారుతుంది. 2018 జాతీయ గణనలో 26,838 స్థలాలలో పెట్టిన కెమేరాలు 3,48,58,623 ఫొటోలు తీసినవి. 2022 గణనలో 32,588 స్థలాల నుంచి 4,70,81,881 ఫొటోలు వచ్చినవి. వీటిలో పులి ఉన్నవి 97,399 మాత్రమే. అనగా వెయ్యి ఫొటోలకు రెండు. మిగిలినవి కణుజులు, దుప్పులు, కొండముచ్చులు, పశువులు, దారిన పోయే మనుష్యులు, ఎండకు వేడెక్కి గాలికి ఊగిన గడ్డిపరకలు. జంతువులను జాతులవారీగా వేరుచేయడానికి 2018 నుంచి కంప్యూటరును శిక్షణ ఇచ్చి వాడుతున్నారు. వేరుచేసిన వాటిని తిరిగి వెదికితే దొరికేటట్లు దాచడమే అసలు కష్టం.

అడంగలు చెప్పే పాఠం

ఒక పెద్ద దస్త్రం పెట్టి, ఫొటోకు ఒక వరుస చొప్పున అన్ని వివరాలూ అందులోనే వ్రాస్తే చాలునని మొదట ఎవరికైనా తోస్తుంది. ఫొటో, తేదీ, సమయం, స్థలం పేరు, అక్షాంశం, రేఖాంశం, కెమేరా నంబరు, పులి పేరు, పులి ఆడదా మగదా – ఇట్లా. ఒక కెమేరా నెలరోజులలో 2,000 ఫొటోలు తీస్తే, ఆ స్థలం పేరును, అక్షాంశ రేఖాంశాలను 2,000 సార్లు వ్రాయవలెను. తరువాత అక్షాంశంలో తప్పు ఉన్నదని తెలిసి దిద్దబోతే, 1,990 చోట్ల దిద్ది 10 చోట్ల మరచిపోవచ్చును. అప్పుడు ఒకే కెమేరా రెండు చోట్ల ఉన్నట్టు దస్త్రమే సాక్ష్యం చెబుతుంది.

ఈ చిక్కును మన గ్రామ రెవిన్యూ లెక్కలు ఏనాడో గుర్తించినవి. అడంగలులో సర్వే నంబరువారీగా విస్తీర్ణం, సాగుదారు, పైరు ఉంటాయి. పట్టాదారు పేరున ఉన్న భూములన్నీ 1-బి లో ఖాతా నంబరు క్రింద ఉంటాయి. చేను ఆకారం, గట్ల కొలతలు చూపే పటం వేరే పుస్తకంలో ఉంటుంది. అడంగలు వరుసలో ఆ పటాన్ని అతికించరు. సర్వే నంబరు చూసి పటాల పుస్తకంలో ఆ పుట తీస్తారు. ఒక నంబరు రెండు దస్త్రాలను, ఒక పటాన్ని కలిపి కట్టుతున్నది. భూమి చేతులు మారితే దిద్దవలసినది పేరు ఉన్న చోటనే; పటం జోలికి పోనక్కరలేదు.

ఈ భావాన్ని గణితశాస్త్ర పునాదిపై నిలబెట్టినవాడు ఎడ్గర్ కాడ్. ఇంగ్లండులో పుట్టి, అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన ఇతడు 1970లో ఒక పరిశోధన వ్యాసం ప్రకటించాడు. సమితుల పాఠంలో విద్యార్థులు చదువుకునే 'సంబంధం' అన్న భావమే దానికి మూలం. రెండు లేక అంతకంటె ఎక్కువ సమితుల కార్టీజియన్ లబ్ధంలో ఏ ఉపసమితి అయినా సంబంధమే కదా! ఒక పట్టికలోని వరుసలన్నీ కలిసి అటువంటి ఉపసమితి అవుతాయి. పట్టికలను ఈ విధంగా చూస్తే వాటిని కలపడం, వడపోయడం, విడదీయడం అన్నీ సమితులపై జరిపే క్రియలవుతాయి. ఈ పద్ధతిలో కట్టిన దత్తాంశ నిధికే రిలేషనల్ డేటాబేస్ అని పేరు. బ్యాంకు ఖాతాలు, రైలు టిక్కెట్లు, పరీక్షా ఫలితాలు వంటివి ఈనాడు ఎక్కువగా ఇట్టి నిధులలోనే ఉంటున్నవి. కాడ్‌కు 1981లో ట్యూరింగ్ బహుమతి లభించినది.

పులుల ఫొటోలకు ఇటువంటి నిధి కట్టితే అయిదు పట్టికలు అవసరమవుతాయి. మొదటిది స్థలాల పట్టిక: ప్రతి స్థలానికి ఒక గుర్తు సంఖ్య, అక్షాంశం, రేఖాంశం. రెండవది అమరికల పట్టిక: ఏ కెమేరాను ఏ స్థలంలో, దారికి ఏ వైపున, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉంచారో అందులో ఉంటుంది. కెమేరా పాడైతే మరొకటి తెచ్చి పెడతారు, ఒక చోటి కెమేరాను మరొక చోటికి మారుస్తారు. అందుకే స్థలమూ కెమేరా ఒకటే అనుకోకూడదు. మూడవది ఫొటోల పట్టిక. నాల్గవది పులుల పట్టిక. అయిదవది గుర్తింపుల పట్టిక: ఈ ఫొటోలో ఉన్నది ఈ పులి అని, కనిపించినది ఎడమప్రక్క అని, ఫలానావారు ఫలానా తేదీన నిర్ణయించారని చెప్పే పట్టిక.

ఫొటోల పట్టికలోనే పులి పేరుకు ఒక గడి పెడితే సరిపోదా అని విద్యార్థి అడగవచ్చును. సరిపోదు. తల్లి వెంట రెండు కూనలు నడుస్తుంటే ఒక ఫొటోలో మూడు పులులు ఉంటాయి. ఒక పులి ఫొటోలు వంద ఉండవచ్చును. ఇటు నుంచి అనేకం, అటు నుంచి అనేకం ఉన్నప్పుడు నడుమ మరొక పట్టిక తప్పదు. ఇంతకంటె ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉన్నది. ఫొటో జరిగిన సంగతి. గుర్తింపు ఒకరి అభిప్రాయం. అభిప్రాయం రేపు మారవచ్చును. అది మారినప్పుడు ఫొటో వరుసను ముట్టుకోవలసిన అవసరం రాకూడదు.

ప్రతి పట్టికలోను ఒక వరుసను మరొక వరుస నుంచి వేరుచేసే గుర్తు సంఖ్యను ప్రాథమిక కీ అంటారు. ఆ సంఖ్యనే మరొక పట్టికలో వాడితే అక్కడ అది పరాయి కీ అవుతుంది. ఒక పులి నదికి ఏ గట్టున ఏ తేదీలలో తిరిగినదో తెలియవలెనంటే, పులి సంఖ్య పట్టుకొని గుర్తింపులకు, అక్కడి నుంచి ఫొటోలకు, అమరికలకు, చివరకు స్థలాలకు పోవలెను. ఈ గొలుసులో ఒక లంకె తెగినా జవాబు రాదు.

బొమ్మను ఎక్కడ పెట్టవలెను?

ఇంతవరకు ఫొటోను గురించిన వివరాల మాట. ఫొటోను దాచే చోటు సంగతి వేరు. కంప్యూటరుకు ఫొటో కూడ అంకెల వరుసే గనుక, పట్టికలోని ఒక గడిలో దానిని యథాతథంగా ఇమడ్చవచ్చును. అటువంటి గడిని బ్లాబ్ అంటారు. అర్థం విడదీయక మొత్తంగా దాచిన పెద్ద ముద్ద అన్నమాట. లేదా ఫొటోను డిస్కులో విడిగా ఉంచి, అది ఉన్న దారిని మాత్రం పట్టికలో వ్రాయవచ్చును. ఇది అడంగలు, పటాల పుస్తకం పద్ధతి.

రెంటికీ లాభనష్టాలు ఉన్నవి. ఫొటో గడిలోనే ఉంటే వరుసను తొలగించినప్పుడు ఫొటో కూడ పోతుంది. నకలు తీసినప్పుడు రెండూ కలిసే వస్తాయి. ఒకటి ఉండి మరొకటి లేని స్థితి ఏర్పడదు. విడిగా ఉంచితే ఎవరో సంచయం పేరు మార్చగానే వేల వరుసలు లేని ఫొటోల వైపు వేలు చూపుతూ నిలబడిపోతాయి. అయితే పరిమాణం సంగతి చూడవలెను. ఒక ఫొటో 2 మెగాబైట్లు, దానిని గురించిన వరుస 200 బైట్లు అనుకుంటే, లక్ష ఫొటోలకు 200 గిగాబైట్లు, లక్ష వరుసలకు 20 మెగాబైట్లు కావలెను. పది వేల రెట్ల తేడా! వరుసలను క్షణంలో వెదకి, దినదినం నకలు తీసుకోవచ్చును. బొమ్మలన్నీ లోపల నింపితే ఆ చురుకుదనం పోతుంది. జిమ్ గ్రే, మరి ఇద్దరు పరిశోధకులు 2006లో ఈ విషయాన్ని కొలిచి చూశారు. వారు పరీక్షించిన వ్యవస్థలో 256 కిలోబైట్లకు తక్కువైన వాటిని పట్టికలోను, 1 మెగాబైటుకు మించిన వాటిని విడిగాను ఉంచడం మేలని తేలినది. వేరొక వ్యవస్థలో ఈ హద్దులు కొంత మారవచ్చును గాని, అడవి కెమేరా ఫొటోలకు విడిగా ఉంచడమే తగినది. పులి ఉన్న ఫొటోల చిన్న నకళ్ళను మాత్రం, చూడడానికి వీలుగా, పట్టికలో ఉంచితే తప్పు లేదు.

విడిగా ఉంచినప్పుడు ఫొటో మారిపోలేదని తెలిసేది ఎట్లా? ఇందుకు హాష్ అనే గణితముద్ర ఉన్నది. ఫొటోలోని అంకెలన్నిటినీ ఒక నిర్ణీతమైన క్రియకు లోను చేస్తే, ఎంత పెద్ద ఫొటోకైనా ఒకే పొడవు గల ముద్ర వస్తుంది. షా-256 అనే క్రియలో ఆ ముద్ర 64 అక్షరాలు. ఫొటోలో ఒక్క చుక్క రంగు మార్చినా ముద్ర గుర్తుపట్టరానంతగా మారుతుంది. ఈ ముద్రను ఫొటోల పట్టికలో వ్రాసి ఉంచితే, పదేళ్ళ తరువాత కూడ ఫొటోను మళ్ళీ ఆ క్రియకు లోను చేసి సరిచూడవచ్చును. న్యాయస్థానంలో ఫొటోను చూపవలసి వచ్చినప్పుడు ఈ సరిపోలిక చాలా విలువైనది.

అన్ని గడులనూ అందరికీ చూపకూడదన్న మాట కూడ ఇక్కడే చెప్పవలెను. పులి తరచు తిరిగే చోటి అక్షాంశం వేటగానికి దొరికితే అది దారి చూపే దీపమవుతుంది. శివరాత్రికి ఆత్మకూరు వైపు నుంచి అడవి బాటన శ్రీశైలం నడిచి వెళ్ళే యాత్రికులు, అడవిలో తేనెకు, దుంపలకు తిరిగే చెంచులు కెమేరా కంటబడుతూనే ఉంటారు. వారిని వారికి తెలియకుండా తీసిన ఫొటోలవి. ఎవరు ఏ గడి చూడవచ్చునో డేటాబేస్‌లో నిర్ణయించవచ్చును. నిర్ణయించి తీరవలెను కూడ.

కార్డు నుంచి పట్టికకు

పట్టికలు ఎంత చక్కగా కట్టినా, లోపలికి వచ్చే దత్తాంశం తప్పైతే ప్రయోజనం లేదు. లంకెలు ఎక్కువగా తెగేది ఈ దిగుమతి ఘట్టంలోనే. అడవి నుంచి వచ్చేవి కెమేరా కార్డులు, చేతితో నింపిన కాగితాలు, ఎవరో తయారుచేసిన జాబితాలు. వీటిలో దొర్లే తప్పులు చూడడానికి అల్పంగా ఉంటాయి.

కెమేరాలు తమ ఫొటోలకు 0001 నుంచి వరుసగా పేర్లు పెడతాయి. రెండు కార్డులను ఒకే సంచయంలోకి ఎక్కిస్తే, రెండవ కార్డులోని 0001 మొదటి దానిని చెరిపివేస్తుంది. కెమేరా బ్యాటరీ తీసి వేసినప్పుడు కొన్నిటిలో గడియారం మొదటి తేదీకి పోతుంది. పులి ఎన్నో సంవత్సరాల క్రితం నడిచినట్టు ఫొటో చెబుతుంది. 03/04 అని వ్రాస్తే ఇక్కడివారు ఏప్రిల్ 3 అని, అమెరికా పద్ధతిలో అమర్చిన కంప్యూటరు మార్చి 4 అని చదువుతుంది. 12 తరువాతి తేదీలను ఆ యంత్రం నిరాకరిస్తుంది గనుక అవి బయటపడతాయి. 12 లోపు తేదీలు ఏ చప్పుడూ లేకుండా తారుమారవుతాయి. దొరికే తప్పు కంటె దొరకని తప్పు ప్రమాదకరం. తేదీని 2022-04-03 అన్నట్టు, సంవత్సరం ముందుగా వ్రాయడం ఈ రోగానికి మందు.

అక్షాంశాల తప్పు ఇంకా విచిత్రమైనది. ఒక స్థలం 16 డిగ్రీల 5 నిమిషాల అక్షాంశం మీద ఉన్నదనుకుందాం. దిగుమతి చేసేవారు దానిని 16.05 అని వ్రాశారు. కాని డిగ్రీకి 60 నిమిషాలు. 5 నిమిషాలంటే 5/60, అనగా 0.083 డిగ్రీ. సరైన సంఖ్య 16.083. తేడా 0.033 డిగ్రీ మాత్రమే. ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లు గనుక, ఈ తేడా నేల మీద 3.7 కిలోమీటర్లు అవుతుంది. 2 చదరపు కిలోమీటర్ల గడికి భుజం 1.4 కిలోమీటర్లే. అంటే కెమేరా తన గడి దాటి, ప్రక్క గడి కూడ దాటి పోయినది. నది ఒడ్డున ఉన్న కెమేరా అయితే అవతలి రాష్ట్రానికే పోవచ్చును.

పేర్ల సంగతి సరేసరి. సున్నిపెంట అని ఒకరు, సుండిపెంట అని ఒకరు వ్రాస్తారు. మనిషికి రెండూ ఒకటే, యంత్రానికి రెండు ఊళ్ళు. అందుకే స్థలాన్ని గుర్తు సంఖ్యతో కట్టవలెను, పేరుతో కాదు. ఇక తెలుగు లిపి. పాత ముద్రణ ఫాంట్లతో కొట్టిన తెలుగు తెర మీద తెలుగే గాని, లోపల ఉన్నవి వేరే అక్షరాల సంకేతాలు. పట్టికలోకి రాగానే అర్థం లేని గుర్తులుగా మారతాయి. యూనికోడ్‌లో వ్రాస్తే ఈ బాధ లేదు. అయినా ఒక జాగ్రత్త కావలెను: యు.టి.ఎఫ్-8 పద్ధతిలో ఒక తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. శ్రీశైలం అన్న పేరులో హలంతాలు, గుణింతాలు, సున్న కలిపి 8 సంకేతాలు ఉన్నవి. కనుక 24 బైట్లు కావలెను. 20 బైట్ల గడి కట్టినవాని పట్టికలో ఆ క్షేత్రం పేరు సగంలో ఆగుతుంది, లేదా లోపలికే రాదు.

ఇన్ని అపాయాలు ఉన్నందువల్ల, అనుభవజ్ఞులు బయటి జాబితాను నేరుగా అసలు పట్టికలోకి పోయరు. దానికి ముందు ఒక విడిది పట్టిక ఉంటుంది. వచ్చినది వచ్చినట్లు, తేదీనైనా సంఖ్యనైనా వట్టి అక్షరాలుగానే, అందులో దింపుతారు. అక్కడ పరీక్షలు జరుగుతాయి. అక్షాంశం నల్లమల హద్దులలో ఉన్నదా? ఫొటో తేదీ ఆ కెమేరా అమర్చిన రోజుకు, తీసిన రోజుకు నడుమ ఉన్నదా? ఈ అమరిక సంఖ్య అసలు ఉన్నదా? కార్డులో ఉన్న ఫొటోలెన్ని, వచ్చిన వరుసలెన్ని? గణితముద్ర ఇదివరకే నిధిలో ఉంటే అది రెండవసారి తెచ్చిన ఫొటో, దానిని ఆపవలెను. పరీక్ష దాటినవి మాత్రమే లోపలికి పోతాయి. అదీ మొత్తం పోవలెను, లేదా ఒక్కటీ పోకూడదు. 2,000 వరుసలలో 1,200 ఎక్కిన తరువాత విద్యుత్తు పోతే, డేటాబేస్ ఆ 1,200ను కూడ వెనక్కు తీసివేస్తుంది. సగం ఎక్కిన కార్డు కంటె ఎక్కని కార్డు నయం. అది ఎక్కలేదని అందరికీ తెలుసు.

నది దాటిన పులి

ఇప్పుడు కృష్ణ రెండు గట్లకు వద్దాము. ఎడమగట్టువారు తమ పులికి ఒక సంఖ్య, కుడిగట్టువారు తమ పులికి ఒక సంఖ్య ఇచ్చారు. దేశంలోని పులుల ఫొటోలను ఒకచోట చేర్చడానికి డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థలో జాతీయ నిధి ఉన్నది. అక్కడికి వచ్చిన ఫొటోలను కంప్యూటరు పోల్చుతుంది. వంగి నడిచే పులిని, తిరిగి చూసే పులిని సూటిగా పోల్చడం కుదరదు. అందుచేత పులి ఒంటికి త్రిపరిమాణ నమూనా తొడిగి, చారలను చదును చేసిన వస్త్రం మీది అద్దకంలా విప్పి, దానిని మిగతా అద్దకాలతో సరిచూస్తారు. యంత్రం బాగా పోలిన కొన్నిటిని ముందుకు తెస్తుంది; నిర్ణయం మనిషిది. రెండూ ఒకటేనని తేలితే పాత సంఖ్యలలో దేనినీ చెరిపివేయరాదు. ఆ రెండు సంఖ్యలూ ఒకే పులివని తెలిపే వరుస చేర్చవలెను. పొరపాటు పడితే తిరిగి విడదీయడానికి అప్పుడే వీలుంటుంది.

ఎడమగట్టు ఫొటోలో పులి ఎడమప్రక్క మాత్రమే, కుడిగట్టు ఫొటోలో కుడిప్రక్క మాత్రమే పడి ఉంటే ఏ యంత్రమూ పోల్చలేదు. ఏ ప్రక్క అన్న చిన్న గడి గుర్తింపుల పట్టికలో ఎందుకున్నదో ఇక్కడ తెలుస్తుంది. అది నింపకపోతే ఈ రెండింటినీ రెండు పులులుగా లెక్కించే ప్రమాదం ఉన్నది.

ఒక గుర్తింపు తప్పితే ఒక పులి హెచ్చుతుంది, అంతేగదా అనుకోరాదు. కెమేరా ముందుకు రాని పులులు కూడ అడవిలో ఉంటాయి. వాటిని అంచనా వేయడానికి తిరిగి చిక్కిన వాటి సంఖ్యే ఆధారం. సులభమైన లెక్క ఇట్లా ఉంటుంది. మొదటి విడతలో 20 పులులు, రెండవ విడతలో 18 పులులు కనిపించినవి. ఈ 18లో 12 మొదటి విడతలో చూసినవే. అడవిలోని మొత్తం 20ని 18తో గుణించి 12తో భాగిస్తే వస్తుంది: 30 పులులు. దిగుమతి లోపం వల్ల ఆ 12లో 3 పులులను కొత్తవిగా పొరబడ్డారనుకోండి. భాజకం 12కు బదులు 9 అవుతుంది, జవాబు 40. మూడు పోలికలు తప్పితే పది పులులు కాగితం మీద పుట్టుకొచ్చినవి! జాతీయ గణనలో వాడే సూత్రాలు, కెమేరాల స్థానాలను కూడ లెక్కలోకి తీసుకునేవి, ఇంతకంటె జటిలమైనవి. అయినా తిరిగి చిక్కడమే వాటికీ ప్రాణం. స్థానాలు లెక్కలోకి వస్తాయి గనుక, ఇందాకటి 3.7 కిలోమీటర్ల తప్పు కూడ వాటిలో ప్రవేశిస్తుంది. 2018లో ఆంధ్రప్రదేశ్‌కు 48 పులులని, 2022లో 63 అని ప్రకటించిన అంచనాలకు వెనుక ఇటువంటి వరుసలు వేలకొద్దీ ఉన్నవి.

ఈ నిధికి మరొక ఉపయోగం కూడ ఉన్నది. చారలు చర్మం మీద మాత్రమే కాదు, తీసిన చర్మం మీద కూడ ఉంటాయి. బ్రతికి ఉన్న పులి ఫొటోను, పట్టుబడిన చర్మాన్ని త్రిపరిమాణ నమూనాతో పోల్చవచ్చునని లెక్స్ హైబీ, ఉల్లాస్ కారంత్, వారి సహచరులు 2009లో ప్రకటించిన పరిశోధనలో చూపారు. ఎక్కడో దూరపు పట్టణంలో ఒక సంచిలో చర్మం దొరికినదనుకోండి. దాని ఫొటోను నిధిలో సరిచూస్తే ఒక పులి సంఖ్య బయటికి వస్తుంది. ఆ సంఖ్య నుంచి గుర్తింపుకు, గుర్తింపు నుంచి ఫొటోకు, ఫొటో నుంచి అమరికకు, అమరిక నుంచి స్థలానికి పోతే, ఆ పులి చివరిసారి కెమేరాకు చిక్కిన వాగు, తేదీ తెలుస్తాయి. అటవీ సిబ్బంది ఆ పులికి ఏమైనదో వెదకడం మొదలుపెట్టేది ఆ వాగు దగ్గర, ఆ తేదీ తరువాతి రోజుల నుంచి.